మెల్‌బోర్న్‌లో హోమ్ లోన్ బ్రోకర్‌ని, నా వెబ్‌సైట్ గూగుల్‌లో కనిపించడం లేదు. ఏం చేయాలి?

పశ్చిమ_మెల్‌బోర్న్

అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్‌కు పశ్చిమాన టార్నీట్‌లో ఉంటాను, మార్ట్‌గేజ్ బ్రోకర్‌ని. ఆఫీసు ఇంట్లోనే. కస్టమర్లలో ఎక్కువమంది మనవాళ్లే, తర్వాత పంజాబీలు, గుజరాతీలు. ఇన్నాళ్లూ ఒకరు చెబితే ఇంకొకరు రావడం, వాట్సాప్ గ్రూపులు, వీటి మీదే పని నడిచింది. ఈ మధ్య ఈ చుట్టుపక్కల బ్రోకర్లు బాగా పెరిగారు. కొత్తగా వచ్చిన కుటుంబాలు ముందు గూగుల్‌లో చూసుకుని, తర్వాతే స్నేహితుల్ని అడుగుతున్నాయి.

సైట్ ఒక ఏజెన్సీతో చేయించాను. వాళ్లు సబర్బ్‌కో పేజీ పెట్టారు: టార్నీట్ మార్ట్‌గేజ్ బ్రోకర్, ట్రుగనీనా మార్ట్‌గేజ్ బ్రోకర్, పాయింట్ కుక్, వెరిబీ, విండమ్ వేల్, మెల్టన్, ఇలా చాలా. ఊరి పేరు మారుతుంది, మిగతా మేటరంతా ఒకటే. సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో మన సైట్ పరిస్థితి చూపించే టూల్) తెరిస్తే వాటిలో చాలా పేజీలకు ‘క్రాల్డ్ - కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అని వస్తోంది. ‘మార్ట్‌గేజ్ బ్రోకర్ మెల్‌బోర్న్’ అని కొడితే ఎంత కిందికి వెళ్లినా నేను లేను. ఇప్పుడు అదే ఏజెన్సీ నెలనెలా బ్యాక్‌లింకుల (వేరే సైట్ల నుంచి మన సైట్‌కు వచ్చే లింకుల) ప్యాకేజీ తీసుకోమంటోంది. ఆ డబ్బు పెట్టొచ్చా?

సెర్చ్_మేస్త్రి

పెట్టకండి. నేను హైదరాబాద్ నుంచి ఆస్ట్రేలియా క్లయింట్లకు ఎస్‌ఈఓ (గూగుల్‌లో సైట్ పైకి వచ్చేలా చూసే పని) చేస్తాను, లోన్ బ్రోకర్ల సైట్లు చాలా చూశాను. ర్యాంకు కోసం డబ్బిచ్చి లింకులు కొనడం గూగుల్ స్పామ్ పాలసీకి విరుద్ధం. చాలాసార్లు గూగుల్ ఆ లింకుల్ని లెక్కలోకే తీసుకోదు, మీ డబ్బు దండగ. మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులే చూసి వేసే శిక్ష) పడిందంటే ఇంకా పెద్ద తలనొప్పి.

ఊరి పేరు మార్చి అచ్చు గుద్దిన పేజీల్ని గూగుల్ డోర్‌వే పేజీలంటుంది. 2024 మార్చిలో కోర్ అప్‌డేట్‌తో (ర్యాంకుల పద్ధతిలో గూగుల్ చేసే పెద్ద మార్పు) పాటు ‘స్కేల్డ్ కంటెంట్ అబ్యూజ్’ అనే పాలసీ కూడా వచ్చింది. మనిషి రాసినా, ఏఐ రాసినా, ర్యాంకుల కోసమే గుట్టలుగా పేజీలు వేస్తే స్పామ్ కిందే లెక్క. మీ సెర్చ్ కన్సోల్ చెబుతున్నదేంటంటే, గూగుల్ ఆ పేజీలు వచ్చి చూసింది, పెట్టుకునేంత విషయం కనపడక వదిలేసింది.

‘మార్ట్‌గేజ్ బ్రోకర్ మెల్‌బోర్న్’ మీద ఆశ కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అక్కడ ఫైండర్, క్యాన్‌స్టార్ లాంటి పోలిక సైట్లు, బ్యాంకులు, దేశమంతా శాఖలున్న బ్రోకర్ కంపెనీలు కూర్చుని ఉన్నాయి. పైగా ఇంటి లోన్ అనేది గూగుల్ భాషలో ‘యువర్ మనీ ఆర్ యువర్ లైఫ్’ విషయం. మనిషి డబ్బుకు, ఆరోగ్యానికి ముడిపడిన విషయాల్లో రాసినవాళ్లెవరు, వాళ్ల మాట నమ్మొచ్చా అన్నది మామూలు కంటే గట్టిగా చూస్తారు. 2022 డిసెంబర్‌లో గూగుల్ తన క్వాలిటీ రేటర్ల (ఫలితాల నాణ్యతను అంచనా వేసేవాళ్ల) మార్గదర్శకాల్లో స్వానుభవాన్ని కూడా ఒక కొలమానంగా చేర్చింది. మీకు కలిసొచ్చేది అదే. పోలిక సైట్‌లో రాసే రైటర్ ఎప్పుడూ టైటిల్ (ప్లాటు యాజమాన్య పత్రం) రాని ప్లాటు మీద లోన్ ఫైల్ నడిపి ఉండడు. మీరు రోజూ నడుపుతున్నారు. కానీ మీ సైట్‌లో ఆ అనుభవం ఒక్క వాక్యంలోనైనా ఉందా?

ఈ మధ్య కస్టమర్లు ఫోన్‌లో మిమ్మల్ని అడిగిన ప్రశ్నల్ని, వాళ్లు అడిగిన మాటల్లోనే, ఇక్కడ రాయండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.

బ్లాక్‌టౌన్_బ్రోకర్

సిడ్నీ నుంచి. నేనూ ఇదే పనిలో ఉన్నాను. వెబ్‌సైట్ కంటే ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ చూసుకోండి తమ్ముడూ. ‘బ్రోకర్ నియర్ మీ’ అని వెతికేవాళ్లకు పైన మ్యాప్‌తో పాటు మూడు పేర్లు వస్తాయి కదా, చాలామంది అక్కడి నుంచే ఫోన్ చేసేస్తారు. ఆ మ్యాప్‌లో ఎవరు రావాలన్నది పేజీ ర్యాంకుతో మాత్రమే తేలదు. వెతికినదానికి మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, వాళ్లకు మీరెంత దగ్గర, మీకెంత పేరుంది అని చూస్తామని గూగులే చెబుతుంది. దూరం మీ చేతిలో లేదు. మిగతా రెండూ ఉన్నాయి.

మెయిన్ కేటగిరీ ‘మార్ట్‌గేజ్ బ్రోకర్’ అని ఉందో లేదో చూడండి. కొందరికి ‘ఫైనాన్షియల్ కన్సల్టెంట్’ అని ఉంటుంది, ఎవరు పెట్టారో వాళ్లకే తెలియదు. ఇంటి నుంచి పని కాబట్టి అడ్రస్ దాచి, సర్వీస్ ఏరియాలు పెట్టుకోండి, 20 దాకా పెట్టొచ్చు. మీ మనిషి ఎవరూ కూర్చోని వర్చువల్ ఆఫీసు అడ్రస్‌తో ఇంకో ప్రొఫైల్ తెరవమని ఎవరైనా అంటే వినకండి, అది నిబంధనలకు విరుద్ధం. పేరులో ‘బెస్ట్ హోమ్ లోన్స్ టార్నీట్’ అని తగిలించడం కూడా అంతే. బోర్డు మీద, కాగితాల మీద ఉన్న పేరే ఉండాలి. ఒకసారి ప్రొఫైల్ సస్పెండ్ అయితే రివ్యూలు కనపడకుండా పోతాయి, తిరిగి తెచ్చుకోవడానికి ప్రాణం విసిగిపోతుంది.

రివ్యూ అడగాల్సిన సమయం సెటిల్‌మెంట్ రోజు సాయంత్రం. తాళాలు చేతికొచ్చిన ఆనందంలో ఉంటారు, రెండు ముక్కలు మనస్ఫూర్తిగా రాస్తారు. గిఫ్ట్ కార్డు ఇస్తామని మాత్రం అనకండి. సంతోషంగా ఉన్నవాళ్లకే లింకు పంపి, మిగతావాళ్లకు పంపకపోవడం కూడా గూగుల్ ఒప్పుకోదు. జవాబిచ్చేటప్పుడు వాళ్ల లోన్ ఎంత, వీసా ఏంటి అన్నవి రాయకూడదు. ‘650 వేల లోన్ వచ్చినందుకు అభినందనలు’ అని ఒక బ్రోకర్ జవాబు చూశాను, ఆ కస్టమర్ చుట్టాలంతా అది చదివారు. ఎంత ఇబ్బంది పడ్డారో.

ఇల్లు_కొన్న_రాజమండ్రి

కస్టమర్ వైపు నుంచి చెబుతాను. మేము ట్రుగనీనాలో హౌస్ అండ్ ల్యాండ్ (ప్లాటు, దాని మీద కట్టే ఇల్లు కలిపిన ప్యాకేజీ) తీసుకున్నాం. బ్రోకర్ కావాలని నేను వెతకనే లేదు. ల్యాండ్ టైటిల్ ఆలస్యమవుతోంది, ప్రీ అప్రూవల్ (బ్యాంకు ముందస్తు ఆమోదం) ఎక్స్‌పైర్ అయితే ఏమవుతుంది అని వెతికాను. రాత్రి పిల్లలు పడుకున్నాక భార్యాభర్తలం ఇద్దరం కూర్చుని, డెవలపర్ పంపిన ఈమెయిల్ ముందు పెట్టుకుని వెతికాం. బ్యాంకు పేజీలన్నీ ‘మమ్మల్ని సంప్రదించండి’ అని ముగించేశాయి. ఒక్క బ్రోకర్ సైట్‌లో ఏ స్టేజీలో ఏమవుతుందో విడమరిచి రాశారు. పేజీ చివర రాసినామె ఫోటో, పేరు, లైసెన్స్ వివరాలు ఉన్నాయి. తెల్లారి ఆమెకే ఫోన్ చేశాం. రేటు తక్కువ ఇస్తారా అని కూడా అడగలేదు.

పశ్చిమ_మెల్‌బోర్న్

ఇది చదివాక చాలా అర్థమైంది, థాంక్స్ అండీ. మేస్త్రి గారు అడిగిన ప్రశ్నలు ఇవి, మా వాళ్లు అడిగినట్టే రాస్తున్నా:

‘టైటిల్ వచ్చే ఏడాది అంటున్నారు, లోన్ ఇప్పుడే అప్లై చేయాలా?’ ‘ఇండియాలో నాన్న ప్లాటు అమ్మి డబ్బు పంపుతానంటున్నారు, బ్యాంకు ఒప్పుకుంటుందా?’ ‘491 వీసా మీద ఇల్లు కొనొచ్చా?’ ‘5 పర్సెంట్ డిపాజిట్ స్కీమ్‌లో జీతం లిమిట్ ఎంత?’ ‘బిల్డర్ ఫ్రేమ్ స్టేజ్ డబ్బులు అడుగుతున్నాడు, ఫ్రేమ్ పూర్తయిందో లేదో ఎవరు చూస్తారు?’ ‘ఉద్యోగం మారి నెల కూడా కాలేదు, ప్రొబేషన్‌లో లోన్ వస్తుందా?’

(491 అంటే ప్రాంతీయ తాత్కాలిక వీసా. 5 పర్సెంట్ స్కీమ్ అంటే తక్కువ డిపాజిట్‌తో మొదటి ఇల్లు కొనేవాళ్లకు ప్రభుత్వం హామీ ఇచ్చే పథకం.) వీటిలో ఒక్కదానికీ నా సైట్‌లో జవాబు లేదు.

సెర్చ్_మేస్త్రి

బంగారం లాంటి ప్రశ్నలు. ఒక్కోదానికి ఒక్కో పేజీ, తొందర లేకుండా. మొదట టైటిల్ పేజీ రాయండి, ఎందుకంటే మీ ప్రాంతంలో కొత్త ఎస్టేట్లు ఎక్కువ, ఆ టెన్షన్ ప్రతి కుటుంబానికీ ఉంటుంది.

‘హౌస్ అండ్ ల్యాండ్ ప్యాకేజీ అంటే ఏమిటి?’ అని మొదలుపెట్టకండి. అది వెతికేవాళ్లకు గూగులే పైన ఏఐ జవాబు ఇచ్చేస్తుంది. ప్రశ్న అడిగినవాళ్లకు మొదటి పేరాలోనే జవాబు చెప్పండి: చాలా బ్యాంకుల అప్రూవల్ 90 రోజులే ఉంటుంది, కాబట్టి టైటిల్ ఏడాది దూరంలో ఉంటే ఇప్పుడు తీసుకున్న అప్రూవల్ అప్పటికి పనికిరాదు, టైటిల్ దగ్గరపడ్డాక అప్పటి జీతం, అప్పటి వడ్డీ, అప్పటి వాల్యుయేషన్ మీద మళ్లీ అప్లై చేయాలి. తర్వాత అసలు ప్రమాదం ఎక్కడుందో చూపించండి. 2022 మే నుంచి 2023 నవంబర్ మధ్య ఆస్ట్రేలియా రిజర్వ్ బ్యాంక్ 13 సార్లు రేటు పెంచి 0.10 నుంచి 4.35 శాతానికి తీసుకెళ్లింది. బ్యాంకులు అసలు రేటు మీద ఇంకో 3 శాతం కలిపి కట్టగలరా అని చూస్తాయి. 2021లో ప్లాటుకు సంతకం పెట్టి, 2023లో టైటిల్ వచ్చినవాళ్లకు జీతం అదే ఉన్నా వచ్చే లోన్ ఎంత తగ్గిందో ఒక లెక్క వేసి చూపించండి. పేర్లు లేకుండా, ఉదాహరణ అని స్పష్టంగా చెప్పి వేయండి. అలాంటి లెక్క అందరి సైట్లలోనూ దొరకదు.

ఫ్రేమ్ స్టేజ్ ప్రశ్న కూడా బాగుంది. విక్టోరియా చట్టంలోని మామూలు లెక్క ప్రకారం బిల్డర్‌కు కట్టేది శాతాల్లో: డిపాజిట్ 5, బేస్ (పునాది) 10, ఫ్రేమ్ (ఇంటి చట్రం) 15, లాకప్ (గోడలు, పైకప్పు, తలుపులు అయ్యాక) 35, ఫిక్సింగ్ (లోపలి బిగింపులు) 25, మిగతా 10 పూర్తయ్యాక. దీన్ని పట్టికగా పెట్టి, ఒక్కో స్టేజీలో బ్యాంకు ఏ కాగితం అడుగుతుంది, బిల్డర్ ఇన్‌వాయిస్ వచ్చాక డబ్బు పడటానికి మీ అనుభవంలో ఎంత టైమ్ పడుతోంది, అప్పటిదాకా వాడిన మొత్తం మీదే వడ్డీ ఎలా పడుతుంది అన్నవి రాయండి. మీ దగ్గరున్న స్లాబ్, ఫ్రేమ్ ఫోటోలు, ఓనర్ అనుమతితో పెట్టండి. నెట్‌లో కొన్న నవ్వుతున్న జంట ఫోటోలు తీసేయండి.

కంప్లయన్స్_కళ్లద్దాలు

రాసే ముందు ఒక్క నిమిషం. ఆస్ట్రేలియాలో ఇది లైసెన్స్ ఉన్న వృత్తి, ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఏసిక్ చూస్తూ ఉంటుంది. ఏజెన్సీ వాళ్లకు ఇవేవీ తెలియవు, సంతకం మీది కాబట్టి బాధ్యతా మీదే.

ఎక్కడైనా వడ్డీ రేటు అంకె వేస్తే పక్కనే కంపారిజన్ రేటు (ఫీజులూ కలిపి లెక్కేసిన రేటు), దాని హెచ్చరికా ఉండాలి. ఆ రేటును 25 ఏళ్లకు 1,50,000 డాలర్ల లోన్ మీద లెక్కకడతారు. నా సలహా అయితే పేజీల్లో రేట్లే వేయొద్దు, వారం తిరిగేసరికి పాతబడతాయి. రెండోది ఇంకా ముఖ్యం. పేజీ టైటిల్ ట్యాగ్‌లో (గూగుల్‌లో కనిపించే శీర్షికలో) ‘ఇండిపెండెంట్ మార్ట్‌గేజ్ బ్రోకర్’ అని పెడితే బాగా క్లిక్కులొస్తాయని ఎస్‌ఈఓ వాళ్లు చెబుతుంటారు. బ్యాంకుల నుంచి కమిషన్ తీసుకునే బ్రోకర్ ఇండిపెండెంట్, ఇంపార్షియల్, అన్‌బయస్డ్ అనే మాటలు వాడటంపై నేషనల్ క్రెడిట్ చట్టంలోనే ఆంక్ష ఉంది. మీ సైట్ మొత్తం, పేజీ టైటిళ్లు, మెటా డిస్క్రిప్షన్లు, ఫేస్‌బుక్ పేజీతో సహా వెతికి తీసేయండి.

మీ క్రెడిట్ రిప్రజెంటేటివ్ నంబర్, మీరెవరి లైసెన్స్ కింద పని చేస్తున్నారో ఆ వివరాలు, ఫిర్యాదులు పరిష్కరించే ఏఎఫ్‌సీఏ వివరాలు, బ్రోకర్ల సంఘాలైన ఎంఎఫ్‌ఏఏ లేదా ఎఫ్‌బీఏఏ సభ్యత్వం, ఇవన్నీ ప్రతి పేజీ అడుగున, మీ గురించిన పేజీలో పైన కనబడాలి. ఏసిక్ రిజిస్టర్‌లో తనిఖీ చేసుకోమని కస్టమర్‌కు మీరే దారి చూపండి. 2021 జనవరి 1 నుంచి బ్రోకర్ల మీద బెస్ట్ ఇంట్రెస్ట్స్ డ్యూటీ (కస్టమర్ మేలే ముందు చూడాలన్న బాధ్యత) ఉంది కదా, మీరు ఏ ప్రాతిపదికన లోన్ సిఫారసు చేస్తారు, మీకు కమిషన్ ఎలా వస్తుంది అన్నది దాచకుండా ఒక పేజీ రాయండి. ఆ పేజీ చదివి వచ్చే కస్టమర్ సగం నమ్మకంతో వస్తాడు.

యాడ్స్_అభిమాని

ఇవన్నీ రాసి నెలల తరబడి ఎదురుచూసే బదులు గూగుల్ యాడ్స్ పెట్టుకుంటే పోలా? పైగా ఇప్పుడు ఏఐ ఓవర్‌వ్యూలు వచ్చాక ఎవరూ కిందికి స్క్రోల్ చేయడం లేదు. సమాచారమంతా గూగులే పైన చెప్పేస్తుంటే ఇంకా వ్యాసాలు రాయడం ఎందుకు?

సెర్చ్_మేస్త్రి

యాడ్స్ తప్పు కాదు, వెంటనే ఫోన్ కావాలంటే అదే దారి. కాకపోతే ఆస్ట్రేలియాలో ఆర్థిక సేవల యాడ్స్‌కు 2022 నుంచి గూగుల్ ప్రత్యేక వెరిఫికేషన్ అడుగుతోంది, లైసెన్స్ కాగితాలు సిద్ధంగా పెట్టుకోవాలి. హోమ్ లోన్ మాటల మీద క్లిక్ ఖరీదు కూడా ఎక్కువే, ఆపిన రోజే ఫోన్లూ ఆగిపోతాయి.

ఏఐ సంగతి నిజమే. ‘ఎల్‌ఎంఐ (తక్కువ డిపాజిట్ ఉన్నప్పుడు కట్టే లోన్ ఇన్సూరెన్స్) అంటే ఏమిటి’ లాంటి నిర్వచనాల పేజీలకు క్లిక్కులు తగ్గాయి, అవి రాయొద్దనే నేనూ చెబుతున్నాను. 491 వీసా మీద, నాన్న పంపిన డబ్బుతో, టైటిల్ రాని ప్లాటు కొనే మనిషి ఏఐ జవాబు చదివి ఊరుకోడు. అంత అప్పు నెత్తిన పెట్టుకునే ముందు మనిషితో మాట్లాడాలనుకుంటాడు. ఏఐ ఓవర్‌వ్యూలో కనబడటానికి ప్రత్యేక కోడ్ ఏదీ అక్కర్లేదని గూగులే చెప్పింది, కాబట్టి ఆ పేరుతో కొత్త ప్యాకేజీ ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. ఎఫ్‌ఏక్యూ స్కీమా (పేజీలోని ప్రశ్న-జవాబులు గూగుల్ ఫలితాల్లో కనిపించడానికి పెట్టే కోడ్) కథా అంతే. 2023 ఆగస్టులోనే ఆ ఫలితాల్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు పరిమితం చేశారు, ఆ తర్వాత కూడా బ్రోకర్లకు దాన్ని అమ్ముతూనే ఉన్నారు.

నెల్లూరు_డెవలపర్

సైట్ టెక్నికల్ వైపు నాలుగు ముక్కలు. లోన్ సైట్లలో ఎక్కువగా కనిపించే జబ్బు కాలిక్యులేటర్. వేరే కంపెనీ తయారుచేసినదాన్ని ఐఫ్రేమ్‌లో (వేరే సైట్‌ను మన పేజీలో చూపించే పెట్టెలో) అతికిస్తారు. పేజీ బరువెక్కుతుంది, అందులోని మేటర్ మీ పేజీదిగా లెక్కకు వస్తుందన్న నమ్మకం ఉండదు. చిన్న రీపేమెంట్ కాలిక్యులేటర్ రాయడం పెద్ద పనేం కాదు, మీ సొంతది పెట్టించి, కింద ఆ అంకెల్ని ఎలా అర్థం చేసుకోవాలో మీ మాటల్లో రాయండి.

స్పీడ్ చూసుకోవడానికి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ చాలు. ఎల్‌సీపీ (పేజీలో ప్రధాన భాగం కనపడటానికి పట్టే సమయం) 2.5 సెకన్లలోపు ఉండాలి. 2024 మార్చి నుంచి ఎఫ్‌ఐడీ అనే కొలత పోయి ఐఎన్‌పీ (నొక్కితే పేజీ స్పందించడానికి పట్టే సమయం) వచ్చింది, 200 మిల్లీసెకన్లలోపు ఉండాలి. హోమ్ పేజీలో వీడియో బ్యానర్, చాట్ బాక్స్, పాపప్ మూడూ ఉంటే ఫోన్‌లో ఇది దాటడం కష్టం. మీ కస్టమర్ ట్రైన్‌లో ఫోన్‌తోనే చూస్తాడు, గూగుల్ కూడా మొబైల్ వెర్షన్‌నే చదువుతుంది. స్పీడ్ ఒక్కటే పైకి తెస్తుందని చెప్పను, మేటర్ లేని వేగం దేనికీ పనికిరాదు.

ఎంక్వైరీ ఫారంలో మొదటే జీతం, అప్పులు, పిల్లలెంతమంది అని అడగొద్దు. పేరు, ఫోన్, ఏ టైమ్‌లో మాట్లాడొచ్చు, అంతే.

పశ్చిమ_మెల్‌బోర్న్

టైటిల్ పేజీ రాస్తున్నాను, ఈ వారంలో పెడతాను. ఇండియా నుంచి డబ్బు రావడం గురించి కూడా మొదలుపెట్టా. తెలుగులో కూడా ఒక వెర్షన్ పెట్టనా? 5 పర్సెంట్ స్కీమ్ పేజీ పాతది ఒకటి ఉంది, ఏజెన్సీ పెట్టినదే, దాన్ని ఉంచొచ్చా?

బ్లాక్‌టౌన్_బ్రోకర్

ఆ పాత పేజీ నేను చూశాను తమ్ముడూ, వెంటనే మార్చండి. అందులో సిటిజెన్లకే అని ఉంది. 2023 జులై 1 నుంచి పీఆర్ వాళ్లకు కూడా ఇస్తున్నారు. జీతం లిమిట్ ఒకరికి 1,25,000, జంటకు 2,00,000 అని రాశారు. 2025 అక్టోబర్ 1 నుంచి ఆ లిమిటే లేదు. మెల్‌బోర్న్‌లో ఇంటి ధర పరిమితి 8 లక్షల డాలర్ల నుంచి 9.5 లక్షలకు పెరిగింది. అది చదివి ‘మాకు రాదులే’ అనుకుని వెనక్కి వెళ్లిపోయిన కుటుంబాలు ఉండి ఉంటాయి. ర్యాంకు సంగతి పక్కన పెట్టినా అది బాధాకరం. 491 పేజీ రాసేటప్పుడు కూడా జాగ్రత్త. టెంపరరీ వీసావాళ్లు పాత ఇళ్లు కొనకుండా 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా నిషేధం ఉంది, కొన్ని మినహాయింపులున్నాయి. ఇలాంటి పేజీలకు పైన ‘చివరిసారి సరిచూసిన తేదీ’ వేయండి. సరిచూడకుండా తేదీ మాత్రం మార్చకండి.

ఇండియా డబ్బు పేజీలో బ్యాంకు అడిగేది ముందు చెప్పండి: తిరిగి ఇవ్వక్కర్లేదని గిఫ్ట్ లెటర్, డబ్బు వచ్చిన దారి, ఎక్కువ ఎల్‌వీఆర్ (ఇంటి విలువలో లోన్ వాటా) అయితే చాలా బ్యాంకులు అడిగే మూడు నెలల సొంత పొదుపు. అటువైపు అమ్మానాన్నలు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద మనిషికి ఏడాదికి 2,50,000 అమెరికన్ డాలర్ల దాకా పంపొచ్చు, 10 లక్షల రూపాయలు దాటితే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడుతుంది. సెటిల్‌మెంట్ వారం ముందు ఈ టీసీఎస్ సంగతి తెలిసి కంగారుపడే తల్లిదండ్రుల్ని ఎంతమందిని చూశానో. ట్యాక్స్ సలహా మీరివ్వకండి, వాళ్ల సీఏను అడగమని రాయండి.

సెర్చ్_మేస్త్రి

తెలుగు వెర్షన్ గురించి. మనవాళ్లు వెతికేది ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే, కాబట్టి సైట్ మొత్తాన్ని మెషీన్‌తో తెలుగు చేయించకండి, అదీ గుట్టలుగా పేజీలు వేయడమే అవుతుంది. తల్లిదండ్రులకు పంపుకోవడానికి ఇండియా డబ్బు పేజీ ఒక్కటి మీరే తెలుగులో రాయండి, రెండు వెర్షన్లకూ హెచ్‌రెఫ్‌లాంగ్ (ఏ పేజీ ఏ భాషదో గూగుల్‌కు చెప్పే ట్యాగ్) కలపండి. దాన్ని చదివి కొడుకుకు ఫోన్ చేసే నాన్న ఉంటాడు కదా, ఆ ఇంటి లోన్ మీ దగ్గరికే వస్తుంది. అదే విషయం యూట్యూబ్‌లో తెలుగులో చెప్పి పేజీలో పెడితే ఇంకా మంచిది.

ఉగాది కార్యక్రమానికి స్పాన్సర్ చేస్తే అసోసియేషన్ సైట్ లింక్ ఇస్తుంది. తీసుకోండి, ‘స్పాన్సర్డ్’ అని గుర్తు పెట్టమనండి. ర్యాంకు కోసం కాదు, అక్కడ మిమ్మల్ని కలిసినవాళ్లు తర్వాత మీ పేరుతో వెతుకుతారు.

పశ్చిమ_మెల్‌బోర్న్

చివరిగా ఒకటి. ఆ సబర్బ్ పేజీలన్నీ డిలీట్ చేసేయనా, హోమ్ పేజీకి రీడైరెక్ట్ చేయనా?

నెల్లూరు_డెవలపర్

అన్నింటినీ హోమ్ పేజీకి మళ్లిస్తే గూగుల్ వాటిని సాఫ్ట్ 404 (లేని పేజీ) కింద చూసే అవకాశం ఎక్కువ. సెర్చ్ కన్సోల్‌లో పేజీల వారీగా పోయిన ఏడాది క్లిక్కులు తీయండి. ఏమీ రానివి తీసేసి 410 (పేజీ శాశ్వతంగా తీసేశాం అని చెప్పే కోడ్) ఇవ్వండి. టార్నీట్, ట్రుగనీనా లాంటి వాటికి కాస్త రాక ఉంటే, విండమ్ ప్రాంతానికంతా ఒకే పేజీ మీ చేత్తో రాసి, వాటిని దానికి 301 (శాశ్వత రీడైరెక్ట్) పెట్టండి. ఆ పేజీలో అక్కడి ఎస్టేట్లలో టైటిల్ ఆలస్యాలు, వాల్యుయేషన్ తక్కువ వచ్చినప్పుడు మీరేం చేశారు, ఇవి ఉండాలి. సైట్‌మ్యాప్‌లోంచి పాత లింకులు తీసి, మెనూలోనూ ఫుటర్‌లోనూ ఉన్న సబర్బ్ లిస్టు కూడా తీసేయండి, చాలామంది అది మర్చిపోతారు. ముందు మొత్తం సైట్ బ్యాకప్ తీసుకోండి, హోస్టింగ్ లాగిన్, డొమైన్ లాగిన్ మీ పేరు మీదే ఉన్నాయో లేదో ఏజెన్సీకి చెప్పే ముందే చూసుకోండి.